మరమనుషులు పెంచిన పిల్లలు: ఈసారి ఉత్తరాలన్నీ ఒక్క సీరియల్ మీదే

కిందటి సంచికలో ‘రైజ్డ్ బై వోల్వ్స్’ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ గురించి ఒకరు అడిగితే, పిల్లల పెంపకం మీద ఇంత లోతుగా ఆలోచించిన సైన్స్ కథ నేను ఈ మధ్య చూడలేదని జవాబిచ్చాను. ఇక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే బోలెడు ఉత్తరాలు. అద్భుతం అన్నవాళ్ళు ఉన్నారు, రెండో ఎపిసోడ్‌కే కట్టేశాం అన్నవాళ్ళు ఉన్నారు, ఇలాంటివి ఇంట్లోకి రానివ్వకూడదని కోపంగా రాసినవాళ్ళూ ఉన్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. నాకూ మా అబ్బాయికీ తెగ నచ్చింది, మా ఆవిడకీ అమ్మాయికీ అస్సలు నచ్చలేదు. రోజూ భోజనాల దగ్గర ఇదే వాదన. ఒకే సీరియల్ ఇంత తేడాగా ఎందుకు అనిపిస్తోంది?
– డిగ్రీ కాలేజీ లెక్చరర్, విజయనగరం

జవాబు: చూడనివాళ్ళ కోసం ముందు కథ కాస్త చెప్పాలి. 22వ శతాబ్దంలో దేవుణ్ణి నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ యుద్ధం వచ్చి భూమి బతకడానికి పనికిరాకుండా పోతుంది. నమ్మనివాళ్ళలో ఒకాయన ఇద్దరు మరమనుషులకి కొన్ని మానవ పిండాలు అప్పజెప్పి కెప్లర్-22బి అనే గ్రహానికి పంపిస్తాడు. ఆ ఇద్దరి పేర్లే మదర్, ఫాదర్. పిండాలు తొట్టెల్లాంటి వాటిలో పెరుగుతాయి, మదర్ ఒంటి నుంచి గొట్టాల ద్వారా పోషణ అందుతుంది. ఆరుగురు పుడతారు. ఆరోవాడు ఊపిరి లేకుండా పుడితే, వాడి శరీరం మిగతా పిల్లల పోషణకి పనికొస్తుందంటాడు ఫాదర్, ఎందుకంటే ఆ మరమనుషులకి నేర్పిన లెక్క అదే. మదర్ మాత్రం వాణ్ణి ఒక్కసారి ఎత్తుకుంటానని గుండెలకి హత్తుకుని కూనిరాగం తీస్తుంది, వాడు కేర్‌మంటాడు. వాడే కాంపియన్. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఒక పాప గోతిలో పడి, మిగతావాళ్ళు జబ్బుచేసి, ఐదుగురూ పోతారు, వాడొక్కడే మిగులుతాడు. రోజూ శ్రద్ధగా పండించి వండిపెట్టిన దుంపల్లోనే రేడియేషన్ ఉందని ఆ తర్వాత ఎప్పటికో తెలుస్తుంది. పెట్టే చెయ్యి ప్రేమగా పెట్టిందే, తిన్నది విషం. పిల్లల్ని పెంచిన ఏ తల్లీతండ్రీ ఆ ఘట్టాన్ని తేలిగ్గా దాటలేరని నా నమ్మకం.

ఇంతవరకూ నచ్చనివాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు. గొడవంతా ఆ తర్వాతే. 2020 సెప్టెంబరులో వచ్చిన మొదటి సీజన్ పది ఎపిసోడ్లు, అందులో మొదటి రెండూ రిడ్లీ స్కాట్ స్వయంగా డైరెక్ట్ చేశాడు, ఆ రెండిట్లో కథ ఎక్కువగా పిల్లల చుట్టూనే తిరుగుతుంది. పోనుపోను కథ పిల్లల్ని ఒక మూలన కూర్చోబెట్టి గ్రహం రహస్యాల వెంట, ఎక్కడినుంచో వినిపించే గొంతు వెంట పరుగెడుతుంది. చివరికి మదర్ గర్భం దాల్చి ఎగిరే పాముకి జన్మనిస్తుంది. మీ ఆవిడా అమ్మాయీ అక్కడ విసిగిపోయి ఉంటే వాళ్ళ పక్షాన నేనూ నిలబడతాను. అప్పటిదాకా ఈ పిల్లాడు ఈరోజు అన్నం తిన్నాడా, రాత్రి భయపడ్డాడా అని చూస్తున్నవాళ్ళం, ఉన్నట్టుండి పాము ఎంత పెరిగిందో చూడమంటే మనసు ఒప్పుకోదు. 2022లో వచ్చిన రెండో సీజన్‌లో కూడా ఆ పామే.

అయినా నేను మెచ్చుకున్న మాట వెనక్కి తీసుకోను, దానికి ముఖ్య కారణం ఫాదర్. ఆ మరమనిషి పొలం చేస్తాడు, కంచె కడతాడు, పిల్లలు నవ్వాలని పాత జోకులు చెప్తాడు, వాళ్ళు నవ్వకపోయినా మర్నాడు ఇంకోటి చెప్తాడు. మదర్‌కి లోకాలను కూల్చే శక్తి ఉంది, ఈయనకి అలాంటిదేమీ లేదు, తను ఈ ఇంట్లో పనికొస్తున్నానా లేదా అని లోలోపల కుమిలిపోతూనే పని చేసుకుపోతాడు. మన సీరియళ్ళలో తండ్రంటే కేకలేసేవాడో, డబ్బు తెచ్చేవాడో. పిల్లల పక్కన ఊరికే ఉండే తండ్రిని ఇంత గౌరవంగా చూపించడం నాకు చాలా విలువైన విషయం అనిపించింది. దాన్ని పాము చెడగొట్టలేదు.

ప్రశ్న: మూడో సీజన్ ఎప్పుడు?
– టెక్కలి పాఠకుడు

జవాబు: రాదండి. రెండో సీజన్ అయ్యాక 2022 జూన్‌లోనే ఆపేశారు. మొత్తం పద్దెనిమిది ఎపిసోడ్లే, కథ సగంలో తెగిపోయింది. ముగింపు లేకపోతే ఉండలేనివాళ్ళు ఈ సంగతి తెలుసుకునే మొదలుపెట్టండి.

ప్రశ్న: ఇరవై ఏళ్ళుగా చిన్నపిల్లల మధ్యే నా ఉద్యోగం. ఒక యంత్రాన్ని పట్టుకుని అమ్మ అనడం నాకు ఒళ్ళు మండేలా చేసింది. తొమ్మిది నెలలు మోసిన కడుపుకి విలువ లేదా? మీరు దీన్ని ఎలా సమర్థిస్తారు?
– అంగన్‌వాడీ కార్యకర్త, చీపురుపల్లి

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది మేడమ్, పిల్లల్ని రోజూ చేతుల్లో పెట్టుకునేవాళ్ళకి రావలసిన కోపమే అది. కానీ కడుపుకి విలువ లేదని ఆ సీరియల్ ఎక్కడా అనలేదు. కడుపున మోసినవాళ్ళు ఒక్కరూ మిగలని చోట పిల్లలకి ఎవరు దిక్కు అని అడిగింది. ఈ ప్రశ్న మన కథలకి కొత్తా చెప్పండి. గాంధారికి పుట్టిన మాంసపిండాన్ని వ్యాసుడు ముక్కలు చేయించి నేతి కుండల్లో పెంచాడు, నూరుగురు కొడుకులూ దుస్సలా అలా వచ్చినవాళ్ళే. ద్రోణుడు పుట్టింది కుండలో. బలరాముడు దేవకి గర్భం నుంచి రోహిణి గర్భంలోకి వెళ్ళాడు. కృష్ణుణ్ణి పెంచిన యశోదని మనం ఎవరమూ పరాయిది అనుకోలేదు. పుట్టుక ఎన్ని రకాలుగా ఉన్నా పెద్దలు ఒప్పుకున్నారు, పెంపకంలో తేడా వస్తేనే కథ యుద్ధం దాకా వెళ్ళింది.

మీరు ఉద్యోగంలో చూస్తున్న ఇంకో విషయానికి సైన్సు సాక్ష్యం కూడా ఉంది. 1950ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోతిపిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి వాటి ముందు రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి వట్టి తీగలతో చేసింది, ఇంకోటి మెత్తటి గుడ్డ చుట్టింది. పాలు తీగ బొమ్మ దగ్గర ఉన్నా, పిల్లలు ఆకలేసినప్పుడు అక్కడికెళ్ళి తాగి మళ్ళీ గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉండేవి. చాలా క్రూరమైన ప్రయోగం, అది చదివితే ఇప్పటికీ నాకు బాధేస్తుంది. అందులో రెండో సగం ఎవరూ చెప్పరు: అలా ఒంటరిగా పెరిగిన కోతులు తర్వాత తోటి కోతులతో కలవలేకపోయాయి, ఆడవి తల్లులయ్యాక చాలావరకు తమ పిల్లల్ని దగ్గరికి తీసుకోలేకపోయాయి. అంటే మెత్తగా ఉంటే చాలదు, పలికే మనిషి కావాలి, తోటి పిల్లలు కావాలి. అంగన్‌వాడీలో మీరు గుడ్డూ పాలూ పెట్టి ఊరుకోకుండా ఆడించి, పాడించి, ఏడిస్తే ఎత్తుకుంటున్నారంటే ఆ రెండో సగం పనే చేస్తున్నారు. మదర్ కూడా అది చేయగలిగిన రోజుల్లో అమ్మలాగే ఉంటుంది, చేయలేని రోజుల్లో నిజంగానే యంత్రం అయిపోతుంది. మీరు ఎక్కడ ఆపేశారో నాకు తెలియదు గానీ, వీలైతే మొదటి ఎపిసోడ్ వరకైనా మళ్ళీ చూడండి.

ప్రశ్న: నా కొడుకూ కోడలూ చెన్నైలో బిల్డింగు పనుల్లో ఉన్నారు. మనవణ్ణి మూడేళ్ళప్పటినుంచి నేనే పెంచుతున్నాను, ఇప్పుడు ఇంటర్. మొన్న ఫోన్‌లో ఈ సీరియల్ చూపించి “మామ్మా, నువ్వూ ఈవిడ లాగే” అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు. ఆ గుంటడు నన్ను మెచ్చుకున్నాడా, తిట్టాడా?
– ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి ఒక మామ్మ, పక్కింటి అమ్మాయి చేత రాయించినది

జవాబు: మెచ్చుకున్నాడు మామ్మా. ఆవిడ ఎవరూ లేని చోట పిల్లాణ్ణి బతికించింది, వాడి కోసం దేనికైనా తెగిస్తుంది. మీవాడికి మీరు అలా కనిపించారంటే మీ చోడంబలి, మీ మేలుకొలుపులు, మీ కసుర్లు అన్నీ వాడు లెక్కపెట్టుకున్నట్టే.

కానీ అందులో ఇంకొక మాట కూడా ఉందేమో చూడండి. ఆ కథలో కాంపియన్‌కి మదర్ అంటే ప్రాణం, భయం కూడా. తన కళ్ళముందే ఆవిడ మనుషుల్ని చంపడం చూశాక వాడిలో ఏదో మూసుకుపోతుంది, ఆవిడని ప్రేమిస్తూనే ఆవిడ చెప్పేదంతా నమ్మడం మానేస్తాడు. మీరేమీ అలాంటి పని చేయలేదు. అయితే పదహారు, పదిహేడేళ్ళ కుర్రాడికి మనసులో ఒక ప్రశ్న ఉంటుంది: మా అమ్మానాన్నా నన్ను ఎందుకు వదిలి వెళ్ళారు? అది మిమ్మల్ని అడిగితే మీరు బాధపడతారని సీరియల్ అడ్డం పెట్టుకుని అడిగి ఉండొచ్చు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం పొడుగునా పిల్లల్ని మామ్మలూ తాతలూ పెంచుతున్న ఇళ్ళు ఎన్నో. వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళేవాళ్ళు కొందరు, హైదరాబాద్ చెన్నైల్లో మేస్త్రీ పనికి పోయేవాళ్ళు ఇంకొందరు. 2018 నవంబరులో అలా వెరావల్ వెళ్ళిన మన మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుంటే 2020 జనవరిలో గానీ వదల్లేదు. ఆ పద్నాలుగు నెలలూ వాళ్ళ పిల్లలకి తిండి పెట్టిందీ, నాన్న వస్తాడని చెప్పిందీ ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళే. మీరంతా చేసేది పెంపకం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మీరు చేయగలిగిందల్లా, వాడికి ఆ కథ చెప్పడం. ఏ ఏడాది పంట పోయిందో, ఎంత అప్పయిందో, కోడలు బస్సెక్కేటప్పుడు ఎంత ఏడ్చిందో, ఏదీ దాచకుండా. కొడుక్కి కూడా ఫోన్ చేసినప్పుడు మార్కులే అడగొద్దని చెప్పండి, వాడు ఏం చూస్తున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో అడగమనండి. ఈ సీరియల్ గురించే అడిగినా సరిపోతుంది.

ప్రశ్న: సార్, పిండాల్ని వేరే గ్రహానికి పంపించి అక్కడ పెంచడం ఎప్పటికైనా సాధ్యమా? కెప్లర్-22బి నిజంగా ఉందా?
– బీటెక్ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: గ్రహం నిజమే, 2011 డిసెంబరులో నాసా ప్రకటించింది. 290 రోజులకొకసారి తన నక్షత్రం చుట్టూ తిరుగుతుంది. కాకపోతే దూరం ఆరువందల కాంతి సంవత్సరాలకు పైమాటే, ఇప్పుడు వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక వెళ్తున్న వేగంతో పోతే కోటి ఏళ్ళు దాటుతుంది. పిండాన్ని గడ్డకట్టించి దాచడం మాత్రం పాత సంగతే, అందులో మనవాళ్ళ పేరుంది. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతుల మీదుగా మన దేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది, ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ పాప ఇంగ్లండ్‌లో పుట్టిన 70 రోజులకి. ఆయన గడ్డకట్టించి దాచిన పిండాన్నే వాడాడు. ప్రభుత్వ కమిటీ నమ్మలేదు, అవమానించింది, 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. గుర్తింపు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి దక్కింది. ఇంజనీరింగ్ చదివే పిల్లలకి ఈ పేరు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

కృత్రిమ గర్భం సంగతి: 2017లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వాళ్ళు నెలలు నిండని గొర్రెపిల్లల్ని ద్రవం నిండిన సంచీలో నాలుగు వారాల దాకా బతికించారు. వాళ్ళ ఉద్దేశం మరీ ముందుగా పుట్టే శిశువుల్ని కాపాడటం. మొదటి రోజు నుంచి తొమ్మిది నెలలూ తల్లి లేకుండా పెంచడం ఇప్పటికి ఎవరివల్లా కాలేదు.

ప్రశ్న: పెళ్ళయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. ఆ సీరియల్‌లో మార్కస్, స్యూ అనే జంట వేరే దంపతుల ముఖాలు తొడుక్కుని, ఆ దంపతుల కొడుకు పాల్‌ని తమ బిడ్డగా పెంచడం చూసి మా వారు దత్తత మాట ఎత్తారు. మా అత్తగారు “పరాయి పిల్ల పరాయిదే, నిజం తెలిస్తే నిలవదు” అంటున్నారు. తెలిసినావిడ ఒకరు ఫలానా ఆసుపత్రిలో బిడ్డని ఇప్పిస్తామంటున్నారు. భయంగా ఉంది.
– నరసన్నపేట నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, మొదట ఆ ఆసుపత్రి మాట వదిలేయండి. అలా చేతులు మారిన బిడ్డని తెచ్చుకోవడం నేరం, రేపు ఎవరైనా వచ్చి అడిగితే మీ దగ్గర కాగితం ఉండదు, బిడ్డని తీసుకుపోతే ఆ దెబ్బకి మీరూ బిడ్డా తట్టుకోలేరు. చట్టప్రకారం దారి ‘కారా’ అనే కేంద్ర దత్తత సంస్థ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవడం. ఇంటికి వచ్చి చూస్తారు, వరస వచ్చేదాకా ఆగాలి, ఆలస్యం అవుతుంది, అందుకు సిద్ధపడండి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరే కాబట్టి కోర్టుల చుట్టూ తిరిగే పని తగ్గింది. సరోగసీ, అంటే ఇంకొకావిడ కడుపున బిడ్డని మోయించుకోవడం గురించి కూడా ఎవరైనా చెప్తే, 2021 చట్టం ప్రకారం డబ్బు తీసుకుని మోయడం నిషేధం అని గుర్తుంచుకోండి.

ఇక మీ అత్తగారి మాట. పాల్ కథ ఎందుకు చెడిందో మళ్ళీ చూడండి. వాళ్ళు కన్నవాళ్ళు కాకపోవడం వల్ల కాదు, కన్నవాళ్ళమని అబద్ధం చెప్పడం వల్ల. స్యూ వాణ్ణి ఎంత ప్రేమించిందో మనం చూశాం, అయినా నిజం బయటపడిన రోజు ఆ ప్రేమ కూడా వాడికి అబద్ధంలాగే వినిపించింది. కాబట్టి బిడ్డ ఇంటికొచ్చిన రోజునుంచే, వాళ్ళకి మాటలు రాకముందే, నిన్ను తెచ్చుకున్నాం అన్న మాట కథలా చెప్తూ పెంచండి. అత్తగారితో వాదన పెట్టుకోకండి, ఫారం నింపే రోజు ఆవిడనీ పక్కన కూర్చోబెట్టుకోండి. నమోదు చేశాక ఏ కాగితం దగ్గరైనా సందేహం వస్తే శ్రీకాకుళంలో జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉంది, అక్కడ అడిగితే చెప్తారు. అక్కడా తేలకపోతే నాకు మళ్ళీ రాయండి.