షుగర్ మాత్రను కిడ్నీ మాత్ర అంటారెందుకు? ధర అంత ఎలా తగ్గింది?

మీరు అడిగినవి మూడు. చిత్తూరులో మీ నాన్నగారికి డాక్టర్ రాసిన ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర ఒక షాపులో అరవై రూపాయలు, ఇంకో షాపులో ఎనిమిది రూపాయలు ఎందుకుంది? అది మొదలుపెట్టాక యూరిన్ రిపోర్టులో షుగర్ నాలుగు ప్లస్సులు వచ్చింది, ఆపేయాలా? వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది, ఏమైనా ఇబ్బందా?

ముందు రెండోదానికి జవాబు చెప్తా. ఆ రిపోర్టు చూసి మాత్ర ఆపకండి. ఆ మాత్ర చేసే పనే అది.

నేను తిరుపతిలో మెడికల్ షాపు నడుపుతున్నాను. ఫార్మసీ చదివాను, డాక్టర్ని కాను. మా అమ్మ ఇదే కుటుంబానికి చెందిన డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటోంది, కాబట్టి కౌంటరుకు అటూ ఇటూ ఉండే టెన్షన్లు రెండూ తెలుసు.

కిడ్నీ రక్తాన్ని వడకట్టేటప్పుడు షుగర్ కూడా బయటికి వస్తుంది. అందులో దాదాపు 90 శాతాన్ని ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీన్ పట్టుకుని మళ్లీ రక్తంలోకి పంపేస్తుంది. ఈ మాత్ర ఆ ప్రోటీన్‌కు అడ్డుపడుతుంది, దాంతో కొంత షుగర్ యూరిన్‌లో పోతుంది. రక్తంలో షుగర్ చక్కగా కంట్రోల్‌లో ఉన్నా సరే, ఈ మాత్ర వాడుతున్నంత కాలం యూరిన్‌లో ప్లస్సులు కనిపిస్తూనే ఉంటాయి. మీరేం మాత్ర వాడుతున్నారో ల్యాబ్ వాళ్లకు తెలియదు, అందుకే దాన్ని లావు అక్షరాల్లో కొట్టి ఇస్తారు. మీ నాన్నగారి షుగర్ ఎలా ఉందో చూడాలంటే పరగడుపు షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూడండి.

అసలు ఇబ్బంది వేరే ఉంది, దాన్ని ఎవరూ నోరు తెరిచి అడగరు. యూరిన్‌లో షుగర్ పోతుంటే మర్మావయవాల దగ్గర ఫంగస్, దురద వచ్చే అవకాశం ఎక్కువ. మా షాపులో క్రీము పేరు చీటీ మీద రాసుకొచ్చి, మడిచి చేతిలో పెట్టేవాళ్లున్నారు. సిగ్గుపడి డాక్టర్‌కు చెప్పకుండా మాత్రే మానేసినవాళ్లూ ఉన్నారు. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలావరకు రాదు. వచ్చినా మందులున్నాయి. మీ నాన్నగారికి ఈ మాట మీరే చెప్పండి, ఆయనంతట ఆయన అడగరు.

కిడ్నీ మాత్ర అనే పేరు తర్వాత వచ్చింది. 2015లో షుగర్‌తో పాటు గుండెజబ్బు కూడా ఉన్న 7,020 మందితో చేసిన ట్రయల్‌లో ఎంపాగ్లిఫ్లోజిన్ వాడినవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల వచ్చే మరణాలు 38 శాతం తగ్గాయి. 2020లో డాపాగ్లిఫ్లోజిన్‌ను 4,304 మంది కిడ్నీ పేషెంట్లలో పరీక్షించారు. వాళ్లలో షుగర్ లేనివాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకూ మేలు జరిగింది. 2022లో ఎంపాగ్లిఫ్లోజిన్‌ను 6,609 మందిలో పరీక్షిస్తే కిడ్నీ జబ్బు ముదరడం లేదా గుండెజబ్బుతో మరణించడం 28 శాతం తగ్గింది. మోటారు జోరుకు పైపు కీళ్లు లూజైనట్టు, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలో జల్లెడల మీద ఒత్తిడి ఎక్కువై అవి పాడవుతాయి. ఈ మాత్ర ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. షుగర్ తగ్గించడం కంటే ఇదే దీని పెద్ద గుణం అని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు.

ఇక ధర. ఎంపాగ్లిఫ్లోజిన్ మీద అసలు కంపెనీ బోరింగర్ ఇంగెల్‌హైమ్ పేటెంట్ మన దేశంలో 2025 మార్చి 11న ముగిసింది. ఆ వారంలోనే రకరకాల కంపెనీల స్ట్రిప్పులు మా దగ్గరికి వచ్చిపడ్డాయి. నెలకు పద్దెనిమిది వందలయ్యే మందు రెండు, మూడు వందలకు దిగింది. చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన స్ట్రిప్పు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది సామీ, అరవై రూపాయల మాత్ర ఎనిమిదికి ఇస్తా ఉండావు, డూప్లికేటా?" అన్నాడు. కాదు. పేటెంట్ ఉన్నన్నాళ్లూ ఒక్కరే చేసి అమ్మారు, ఇప్పుడు లైసెన్సున్న ఎవరైనా చేయవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్‌కు 2020లోనే ఇలా జరిగింది. దీనికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు తీసుకోండి, స్ట్రిప్పు మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ చూసుకోండి. అంతకుమించి చౌక అని భయపడే పని లేదు.

భయపడాల్సింది ఇంకో దానికి. పాత బ్రాండు స్ట్రిప్పు ఇంట్లో మిగిలి ఉంటుంది, కొత్త పేరుతో ఇంకోటి కొంటారు, రెండూ వేరే మందులనుకుని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మింగుతారు. లినాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ లాంటి వేరే షుగర్ మందులతో కలిపిన మాత్రలు కూడా వచ్చేశాయి కాబట్టి ఈ గందరగోళం పెరిగింది. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. మందుల డబ్బా మొత్తం ఒకసారి డాక్టర్ టేబుల్ మీద పెడితే ఇంకా మంచిది.

నన్నడిగితే, మాత్ర ధర కంటే మీరు పట్టించుకోవాల్సింది యూరిన్ ఏసీఆర్ పరీక్ష. కిడ్నీ పాడవుతుంటే యూరిన్‌లోకి జారే అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు, అందులోని క్రియాటినిన్ అనే వ్యర్థానికి ఉన్న నిష్పత్తి చూస్తారు. మా అమ్మకు రక్తంలో క్రియాటినిన్ ఎప్పుడు చూసినా నార్మలే, మామూలు యూరిన్ పరీక్షలో ప్రోటీన్ నిల్. ఏసీఆర్ చేయిస్తే గ్రాముకు 180 మిల్లీగ్రాములు వచ్చింది, 30 లోపు ఉండాలి. మళ్లీ చేయించినా తగ్గలేదు. అప్పుడే ఆమెకు మాత్ర రాశారు. మొదలుపెట్టిన కొన్ని వారాలకు, కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ కాస్త తగ్గేసరికి ఇంట్లో అందరం కంగారుపడ్డాం. కిడ్నీలో ఒత్తిడి దిగినప్పుడు మొదట్లో అలా తగ్గడం మామూలేనట. ఆ తగ్గుదల 30 శాతం లోపు ఉంటే దాని కోసం మాత్ర ఆపక్కర్లేదని కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇప్పుడు ఆమె ఏసీఆర్ రెండంకెల్లో ఉంది.

ఇక్కడే నాకు ప్రభుత్వ పథకాల మీద కోపం. ఎన్టీఆర్ వైద్యసేవలో డయాలసిస్ ఉచితం, అది చాలా గొప్ప విషయం. 2024 అక్టోబర్‌లో 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు ఇవ్వడం మొదలుపెట్టారు, అదీ మంచిదే. కానీ ఆ కార్డు ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. రోజూ ఇంట్లో వేసుకునే మాత్ర, ఏడాదికోసారి చేయించే ఏసీఆర్ మన జేబులోంచే. డయాలసిస్ దాకా పోకుండా ఆపే మందు ఇంత చౌకైనప్పుడు ప్రతి పీహెచ్‌సీలో మెట్‌ఫార్మిన్ పక్కన దీన్నీ పెట్టాలని నా ఉద్దేశం. అంతవరకు జన ఔషధి కేంద్రంలో కూడా అడిగి చూడండి.

మన చిత్తూరు వైపు వాళ్లకు ఒక జాగ్రత్త. పెరటాసి శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లు, వైకుంఠ ఏకాదశికి ఉపవాసం చేసేవాళ్లు ముందే డాక్టర్‌ను అడగాలి. తిండి మానేసి ఈ మాత్ర వేసుకుంటే ఒంట్లో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరిగే ప్రమాదం ఉంది. గ్లూకోమీటర్‌లో షుగర్ మరీ ఎక్కువ చూపించకపోవచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఇంట్లో కూర్చోకుండా తిరుపతిలోని రుయా ఆస్పత్రికో, స్విమ్స్ ఆస్పత్రికో, దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకో వెళ్లి ఈ మాత్ర పేరు చెప్పండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో కూడా మాత్ర తాత్కాలికంగా ఆపమంటారు.

మీ నాన్నగారి ఆపరేషన్‌కూ ఇదే కారణం వర్తిస్తుంది. ఎంపాగ్లిఫ్లోజిన్‌ను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. ఆపరేషన్ తేదీ చెప్పి మాత్ర రాసిన డాక్టర్‌తో మాట్లాడండి, సర్జన్‌కూ మత్తు డాక్టర్‌కూ విడివిడిగా చెప్పండి. ఒకరికి చెబితే ఇంకొకరికి చేరుతుందని అనుకోకండి. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడిగి రాసుకోండి. మామూలుగా తిండి, నీళ్లు బాగా తీసుకోవడం మొదలయ్యాకే వేసుకోమంటారు.