మండె కట్టినా మొలకరాని కొత్త వడ్లు: విత్తనం చచ్చిందా, నిద్రలో ఉందా?

ప్రశ్న: మార్చి ఆఖర్లో రబీ వరి కోశాం. చేను బాగా పండిందని రెండు బస్తాలు విత్తనానికి తీసి పెట్టాను. వారం తర్వాత, రబీ కోత అయ్యాక వేసే ఎడగారు పంట నారు కోసం కొన్ని వడ్లు నానబెట్టి మండె కడితే (తడి గోనెలో మూటగట్టి మొలకకు ఉంచితే) వందకు ముప్పై కూడా మొలవలేదు. దుకాణంలో జిబ్బరెల్లిక్ యాసిడ్ వాడమంటున్నారు. మా బావమరిది వేరుశనగకు వాడే ఎథ్రెల్ పోయమంటున్నాడు. పోయిన సెప్టెంబరు వానలకు పక్క చేలో వేరే రకం వరి మాత్రం కంకి మీదే మొలిచింది. సోమశిల నీళ్లు వచ్చేశాయి, టెన్షన్‌గా ఉంది. ఈ వడ్లు పారేయాల్సిందేనా?
– ఒక రైతు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: తొందరపడి పారేయకండి. ముందు ఆ మండెలో మొలవని గింజలను వేళ్ల మధ్య నొక్కి చూడండి. మెత్తబడి, పాలలాంటి ద్రవం కారి, బూజు వాసన వస్తే అవి చచ్చిన గింజలు. గట్టిగా, శుభ్రంగా ఉంటే నిద్రావస్థలో, అంటే బతికే ఉన్నా మొలకెత్తని స్థితిలో, ఉన్నాయని అర్థం. ఇంకా అనుమానంగా ఉంటే బస్తాలోంచి ఒక పాతిక పొడి గింజలు తీసి, మొలక వచ్చే కొన దెబ్బతినకుండా గోటితో పొట్టు ఒలిచి తడిగుడ్డలో పెట్టండి. వరిలో నిద్రకు పొట్టు కూడా ఒక ముఖ్య కారణం. ఒలిచినవి మొలిచి, ఒలవనివి మొలవకపోతే విత్తనం బతికే ఉన్నట్టు.

గింజ పాలు పోసుకుని గట్టిపడే రోజుల్లో దానిలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. తల్లి మొక్క మీద ఉండగానే మొలవకుండా ఆపేది అదే. కోత తర్వాత గింజ పొడిగా, వెచ్చగా ఉన్నకొద్దీ దాని పట్టు సడలుతుంది. అప్పుడు నీరు తగిలితే అంకురంలో జిబ్బరెల్లిన్ తయారై తౌడు పొరకు చేరుతుంది. అవును, మిల్లులో మనం తీసేసే ఆ తౌడే. ఆ పొర నుంచి అమైలేజ్ అనే ఎంజైమ్ విడుదలై బియ్యంలోని పిండిని చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెర తినే మొలక బయటికి వస్తుంది. కోసి వారమే అయింది కాబట్టి మీ వడ్లలో మొదటి హార్మోన్‌దే ఇంకా పైచేయి.

రెండు మూడు వారాలు ఆగగలిగితే ఏ మందూ అక్కర్లేదు. పొద్దుటి ఎండలో పల్చగా ఆరబోస్తే చాలు. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద మాత్రం పోయకండి, అంకురమే ఉడికిపోతుంది. నీళ్ల వంతు కోసం ఆగలేకపోతే గాఢ నత్రికామ్లం వాడాలి. నిద్ర తక్కువున్న రకాలకు లీటరు నీటికి 6.3 మి.లీ., మూడు నాలుగు వారాల నిద్ర ఉన్న రకాలకు 10 మి.లీ. కిలో విత్తనానికి లీటరు ద్రావణం సరిపోతుంది. అంటే ఎకరాకు 25 కిలోల వడ్లకు, పెద్ద మోతాదులో అయితే 25 లీటర్ల నీళ్లు, 250 మి.లీ. యాసిడ్. నీళ్లలోకి యాసిడ్ పోయాలి కానీ యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు, పోస్తే ముఖం మీదికి చిందుతుంది. ప్లాస్టిక్ తొట్టి వాడండి, ఇనుముది వద్దు. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. 24 గంటలు నానాక మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, 24 నుంచి 48 గంటలు మండె కట్టండి. అయితే మొదట ఒక కిలోతో చేసి చూసుకుని, ఆ తర్వాతే మిగతాది.

దుకాణం వారి మాట శాస్త్రప్రకారం తప్పేమీ కాదు, జిబ్బరెల్లిన్ నిద్ర లేపుతుంది. కానీ మోతాదు కాస్త ఎక్కువైతే నారు సన్నగా, పాలిపోయి, పొడుగ్గా సాగి పడిపోతుంది. అసలు ఈ హార్మోన్ బయటపడిందే అలాంటి వరి నారు వల్ల. బకానే తెగులు సోకిన నారు అడ్డదిడ్డంగా పెరగడానికి శిలీంధ్రం వదిలే పదార్థమే కారణమని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా చూపించారు. పైగా చౌకగా పని జరిగే దారి ఉండగా ఖరీదైన సీసా ఎందుకు?

ఎథ్రెల్ విషయంలో మీ బావమరిది చెప్పింది వేరుశనగకు సరైనదే. ఆ పంటలో నిద్రను తీసేది ఇథిలీన్ వాయువు, ఎథ్రెల్ నుంచి వెలువడేది అదే. 10 లీటర్ల నీటికి 5 మి.లీ. కలిపి 12 గంటలు నానబెట్టి, ఆరబెట్టి విత్తుతారు. అదీ నిద్ర ఉన్న రకాలకే. నేల మీద పాకకుండా గుబురుగా పెరిగే గుత్తి రకాలకు చాలావాటికి అసలు నిద్రే ఉండదు. మీ వడ్లకు మాత్రం అది వద్దు.

పక్క చేను సంగతి దీనికి సరిగ్గా తిరగేసినది. ఆ రకానికి నిద్ర తక్కువై ఉంటుంది, దానికి తోడు పండిన పైరు పడిపోయి రోజుల తరబడి తడిలో ఉంటే కంకి మీదే మొలుస్తుంది. ఈసారి ఎడగారు కోత వానలో చిక్కితే ముందు చేలో నీళ్లు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా పిచికారీ చేయండి, మొలక కొంతవరకు ఆగుతుంది. అలా తడిసిన చేను నుంచి విత్తనం మాత్రం ఉంచుకోకండి.