బెంగళూరు దగ్గర నేరేడు, చింత పూత చూడాలంటే ఎప్పుడు వెళ్ళాలి?

ఉగాదికి ఊరెళ్ళడం లేదు, పిల్లలకు ఈ రెండు చెట్ల పూత చూపించాలని ఉంది అన్నారు. తప్పకుండా చూపించండి. కాకపోతే రెండూ ఒకే ట్రిప్పులో కుదరకపోవచ్చు.

నేరేడు మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. దీనికి దూరం వెళ్ళక్కర్లేదు, బెంగళూరులోనే పాత రోడ్ల పక్కన, పార్కుల్లో ఉంటాయి. కింది కొమ్మ ఒకటి వంచి దగ్గరగా చూడండి. మొగ్గ విచ్చేటప్పుడు రేకులన్నీ చిన్న టోపీలా ఊడి రాలిపోతాయి, తెల్లటి కేసరాలే కుచ్చులా మిగులుతాయి. పొద్దున్నే వెళ్తే తేనెటీగల రొద వినిపిస్తుంది.

చింతకు మాత్రం వేసవి జల్లులు పడ్డాక, మే, జూన్‌లో దేవనహళ్ళి దగ్గరి నల్లూరు తోపుకు వెళ్ళండి. 54 ఎకరాల్లో దాదాపు 300 చెట్లు. 2007లో దేశంలోనే మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అచ్చంగా అడవి కాదు, కానీ అంత ముసలి చింతమానులు ఒక్కచోట దొరకడం అరుదు, నా మట్టుకు నాకు నేరేడు కంటే ఇదే ఎక్కువ ఇష్టం. పువ్వుకు పైకి కనిపించేవి మూడే రేకులు, లేత పసుపు మీద ఎర్రటి గీతలు. మిగతా రెండూ వెంట్రుకల్లా ఉంటాయి, భూతద్దం ఉంటే పట్టుకెళ్ళండి.

వారం ముందు అక్కడివాళ్ళెవరినైనా పూత వచ్చిందా అని అడిగి బయల్దేరండి. వానలను బట్టి ముందూ వెనకా అవుతుంది. నీళ్ళు, తిండి వెంట ఉండాలి.