కాంటా కంప్యూటర్‌కు కొత్త బోర్డు: పాత ప్రింటర్, సీరియల్ కేబుల్ అట్లనే నడవాలంటే

మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా దగ్గరి కంప్యూటర్ బోర్డు కాలిపోయిందని, ప్యారలల్ కేబుల్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, ఇండికేటర్ (బరువు అంకెలు చూపే పెట్టె) నుంచి వచ్చే 9 పిన్నుల సీరియల్ కేబుల్, గుండ్రటి పిన్ను కీబోర్డు, వీజీఏ మానిటర్ మార్చకుండా ఏ బోర్డు కొనాలని అడిగారు.

అన్నా, ముందు మీ కాంటా సాఫ్ట్‌వేర్ ఏ కాలందో చూడండి. పాత డాస్ ప్రోగ్రామ్ అయితే 64 బిట్ విండోస్‌లో నేరుగా తెరుచుకోదు, ఏ బోర్డు కొన్నా అంతే. కాంటా బిగించినవాళ్లను విండోస్ వెర్షన్ అడగండి. అది తేలాకే డబ్బులు తీయండి.

బోర్డు హెచ్610 చిప్‌సెట్, డీడీఆర్4 ర్యామ్ రకం చాలు. వీజీఏ, గుండ్రటి కీబోర్డు పోర్టు వెనకాలే ఉన్నవి దొరుకుతాయి. ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే వద్దు, అందులో గ్రాఫిక్స్ ఉండదు, మానిటర్ వెలగదు. పాత డీడీఆర్3 ర్యామ్ పక్కన పెట్టేయండి.

అసలు చిక్కు ప్రింటర్, కాంటా కేబుళ్ల దగ్గరే. వెనక పోర్టులు లేకున్నా కొన్ని బోర్డుల మీద ఎల్‌పీటీ (ప్యారలల్ ప్రింటర్‌కు), కామ్ (సీరియల్ కేబుల్‌కు) అని అచ్చేసిన పిన్నుల వరసలు ఉంటాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి పోయే ముందే బోర్డు మాన్యువల్ దింపుకుని చూడండి. పేరు చివర ఒక్క అక్షరం మారినా ఆ పిన్నులు ఉండకపోవచ్చు. వాటికి తగిలించే బ్రాకెట్ కేబుల్ విడిగా కొనాలి. కామ్ బ్రాకెట్లలో వైరింగ్ రెండు రకాలు, చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. తప్పుది పెడితే విండోస్‌లో కామ్1 కనిపిస్తుంది గానీ బరువు మాత్రం రాదు.

పిన్నులు లేని బోర్డే దొరికితే ప్రింటర్‌కు యూఎస్‌బీ ప్యారలల్ కేబుల్ సరిపోతుంది, విండోస్ డ్రైవర్‌తో ప్రింటు తీసే సాఫ్ట్‌వేర్ అయితేనే. నేరుగా ఎల్‌పీటీ1కి పంపేదైతే ప్రింటర్‌ను షేర్ చేసి ‘నెట్ యూజ్’ కమాండ్‌తో ఎల్‌పీటీ1కి కలపాలి. ప్యారలల్ పోర్టుకు తగిలించే డాంగిల్ లాక్ (సాఫ్ట్‌వేర్‌ను కాపీ కొట్టకుండా ఆపే చిన్న ముక్క) ఉంటే ఈ కేబుల్ మీద ఆశ వదులుకోండి. సీరియల్‌కు ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న యూఎస్‌బీ కేబుల్ తీసుకోండి. చవక కేబుళ్లలోని పాత ప్రొలిఫిక్ చిప్పులను విండోస్ 11 డ్రైవర్ ఒప్పుకోదు. డివైస్ మేనేజర్‌లో పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి పోయి నంబరు కామ్1 చేయండి, ఆ తర్వాత కేబుల్‌ను ఇంకో యూఎస్‌బీ పోర్టుకు మార్చకండి.

పాత డిస్కులోని విండోస్ ఈ బోర్డు మీద లేస్తుందనుకోవద్దు. పాత బయోస్ కాలపు లెగసీ పద్ధతిలో ఎక్కించినదైతే అస్సలు లేవదు. కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ ఎక్కించి, పాత డిస్కును రెండోదిగా తగిలించి కాంటా డేటా కాపీ చేసుకోండి.

కేబుళ్లు పెట్టేటప్పుడు కంప్యూటర్, ప్రింటర్, ఇండికేటర్ అన్నీ ఆపాలి. నడుస్తుండగా పీకి పెడితే పోర్టు చిప్ పోవచ్చు, ఎర్తింగ్ సరిగా లేని చోట మరీ త్వరగా. కాంటా కలిపే ముందు ఒక పరీక్ష: కంప్యూటర్ వైపు 9 పిన్నుల పోర్టులో 2, 3 పిన్నులను చిన్న వైరుతో కలిపి, పుట్టీ (PuTTY) అనే ప్రోగ్రామ్‌లో కామ్1 తెరిచి ఏదైనా టైప్ చేయండి. అక్షరాలు తిరిగొస్తే పోర్టు, బ్రాకెట్ బాగున్నట్టే. అప్పటికీ బరువు రాకపోతే ఇండికేటర్‌లో బాడ్ రేటు (డేటా పంపే వేగం) ఎంతుందో చూసి, సాఫ్ట్‌వేర్‌లోనూ అదే పెట్టండి.