టాప్ ఫ్లోర్‌లో ఉంటే ట్యాంక్ ఫ్రిజ్జే బెటర్

అండీ, చల్లనీళ్లు, ఐస్ ఇచ్చే డిస్పెన్సర్ ఫ్రిజ్ కొనాలి, నేరుగా నీళ్ల పైప్ తగిలించేది తీసుకోవాలా, లోపల ట్యాంక్‌లో మనమే నీళ్లు పోసుకునేదా అని అడిగారు కదా. మీది టాప్ ఫ్లోర్, బోర్ నీళ్లు, మేడ మీద ట్యాంక్ నుంచి నేరుగా వస్తాయి అన్నారు, అలాంటప్పుడు పైప్ కనెక్షన్ ఫ్రిజ్ జోలికి పోకండి, నీళ్లు పోసుకునే ట్యాంక్ ఉన్నదే తీసుకోండి. ఎందుకంటే పైప్ వాటికి మామూలుగా కనీసం 20 పీఎస్ఐ (నీళ్ల ఒత్తిడి కొలత) ప్రెజర్ అడుగుతారు, మీ మేడ మీద ట్యాంక్ కుళాయికి 10 అడుగులు పైన ఉంటే వచ్చేది 4 చిల్లరే, అంటే ప్రెజర్ పెంచే బూస్టర్ పంప్ పెట్టక తప్పదు. ఇంకోటి, వాటిలో వచ్చే ఫిల్టర్ ఎక్కువగా కార్బన్‌దే, క్లోరిన్ వాసన తీస్తుంది గానీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు) తగ్గించదు, ఉప్పు నీళ్లయితే ఐస్ మేకర్ వాల్వ్‌లో తెల్లగా పేరుకుపోద్ది. ఆర్ఓ నుంచి లైన్ లాగుదాం అంటారేమో, గోడకి పెట్టే ఆర్ఓల్లో నీళ్లు దాని ట్యాంక్ నుంచి ఊరికే కిందకి కారతాయంతే, ప్రెజర్ ఏముంటది.

ట్యాంక్‌దైతే ఆర్ఓ నీళ్లు పోసేస్తే అయిపోయింది, కాకపోతే ఎండాకాలం చుట్టాలొస్తే మాటిమాటికీ నింపాలి, పిల్లలు చచ్చినా నింపరు. వారానికోసారి కడగండి, లేకపోతే లోపల జిగురు పడుతుంది, ఊరెళ్తే ఖాళీ చేసి వెళ్లండి. అద్దిల్లయితే ఇంక ఆలోచించడం కూడా వేస్ట్, మారినప్పుడు పైపుల గోల ఉండదు.