హార్మోన్ మందులు మొదలుపెట్టాలా వద్దా: నా మూడేళ్ల అనుభవం

నెలసరి ఆగి రెండేళ్లయింది, ఒంట్లో సెగలతో నిద్ర లేదు, డాక్టరేమో హార్మోన్లు వాడమంటున్నారు, వదినగారేమో క్యాన్సర్ వస్తుందని వద్దంటున్నారు అని రాశారు. 50 ఏళ్ల వయసులో నేనూ ఇదే టెన్షన్ పడ్డానండీ.

రాత్రి రెండింటికి మెడ వెనక సెగ మొదలయ్యేది. ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతున్నా జాకెట్టు వీపుకి అంటుకుపోయేది. దిండు తిరగేసుకుని పడుకున్న కాసేపటికే చలి. పొద్దున్న వంటింట్లో ఎందుకొచ్చానో గుర్తొచ్చేది కాదు.

మీ వదినగారి భయం ఊరికే పుట్టింది కాదు. 2002లో అమెరికాలో ఈ హార్మోన్ మందుల మీద జరుగుతున్న ఒక పెద్ద అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ రకం హార్మోన్లు రెండూ కలిపి వాడినవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో ఎనిమిదిమందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. పక్షవాతం, రక్తం గడ్డలు కూడా కొంత పెరిగాయి. తుంటి ఎముకలు విరగడం మాత్రం తగ్గింది. అయితే ఆ అధ్యయనంలో ఉన్నవాళ్ల సగటు వయసు 63. నెలసరి ఆగిన పదేళ్లలోపు, 60 దాటకముందు మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి ముప్పు కంటే మేలే ఎక్కువని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు.

నాకు ముందు మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే), బీపీ చూశారు. ఈస్ట్రోజన్ జెల్ రాశారు, మాత్రతో పోలిస్తే గడ్డల భయం తక్కువని. గర్భసంచి ఉంది కాబట్టి రాత్రికి ప్రొజెస్టెరాన్ కూడా ఇచ్చారు. అది లేకపోతే గర్భసంచి లోపలి పొర పెరిగి క్యాన్సర్‌కి దారితీయొచ్చట. స్నానమయ్యాక తొడకి జెల్ రాసుకుని, ఆరేదాకా ఆగి చీర కట్టుకుంటాను. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. ఏటా వెళ్లి, ఇంకా అవసరమా అని అడిగి వస్తాను.

మా అక్క కథ తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 36 ఏళ్లకే గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేశారు. హార్మోన్ల మాట ఆ ఆసుపత్రిలో ఎవరూ ఎత్తలేదు. 49లో బాత్రూంలో జారి మణికట్టు విరిగాకే ఎముకలు గుల్లబారాయని తెలిసింది. ఈ ఆపరేషన్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఎక్కువ. అంత చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే, వేరే అడ్డంకి లేనప్పుడు, 50 దగ్గర పడేదాకా హార్మోన్లు ఇవ్వాలి.

మా పిన్నికి మాత్రం వద్దన్నారు, ఆవిడకి అంతకుముందే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కాళ్లలో గడ్డలు, పక్షవాతం, గుండెపోటు, లివర్ జబ్బు వచ్చినవాళ్లకీ మామూలుగా ఇవ్వరు. సెగలకి హార్మోన్ లేని మందులూ ఉన్నాయి. కింద పొడిబారి మంట ఒక్కటే ఉంటే పైపూత క్రీము సరిపోతుంది.

నేను చెప్పిన జబ్బుల్లో మీకేవైనా ఉంటే మొహమాటపడకుండా డాక్టర్‌తో చెప్పండి. మందు మొదలుపెట్టాక రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. ఈసారి వెళ్లేటప్పుడు వదినగారినీ వెంట తీసుకెళ్లండి, ఆవిడ అనుమానాలు కూడా అక్కడే అడుగుతారు.