పెర్ల్‌లో సాకెట్ కలవకపోతే ముందు ఏమి చూడాలి?

రాయగడలోని దుకాణం బిల్లుల పేజీ పక్క గదిలోని సర్వర్‌కు కలవడం లేదని, లాగ్‌లోనూ ఏమీ లేదని అడిగారు. పెర్ల్ ప్రోగ్రాంను సర్వర్‌కు కలిపే మాడ్యూల్ ఐఓ::సాకెట్::ఐనెట్ విఫలమైనా ప్రోగ్రాం ఆగదు. అన్‌డెఫ్ (ఖాళీ విలువ) ఇచ్చి ఊరుకుంటుంది, కారణం $@ అనే వేరియబుల్‌లో ఉంటుంది. దాన్ని లాగ్‌లోకి రాయించండి.

‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే సాధారణంగా యంత్రం దొరికింది, ఆ పోర్టులో (సర్వర్‌లో ఒక్కో సేవకుండే తలుపు నంబరు) వినేవారు లేరు. టైమౌట్ (గడువులోగా జవాబు రాకపోవడం) అయితే ఫైర్‌వాల్‌నో తీగనో అనుమానించండి. తలుపు తడితే పొమ్మనడం వేరు, పలుకే లేకపోవడం వేరు. (మా పర్లాకిమిడిలో వానాకాలం నేను ముందు తీగే చూస్తాను.)

సర్వర్ ఐపీవీ6 (కొత్త తరం నెట్ చిరునామా)లోనే వింటుంటే మాత్రం ఐనెట్‌తో ఎంత పిలిచినా లాభం లేదు, దానికి పాత తరం ఐపీవీ4 ఒక్కటే తెలుసు. పెర్ల్ 5.20 నుంచి వెంట వచ్చే ఐఓ::సాకెట్::ఐపీ వాడండి, టైమౌట్ 5 సెకన్లు పెట్టండి.